స్త్రీలకు వచ్చు కంతులు : పరిశోధన చెప్పినది, పంచాయతీ చేయవలసినది

(మదీనాగూడలో జరిగిన గ్రామ పంచాయతీ సభ్యుల సదస్సునందు ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠము)



స్త్రీలకు వచ్చు కంతులను కనుగొనుటకు, నయము చేయుటకు జరిగిన వైద్య పరిశోధనను గురించి మాట్లాడుమని నిర్వాహకులు నన్ను కోరినారు. పంచాయతీ సభలలో రోడ్లు, మురుగు కాలువలు, త్రాగునీరు చర్చించుట వాడుక. గర్భసంచిని గురించియు, రొమ్మును గురించియు నలుగురిలో మాట్లాడుట వాడుక కాదు. ఈ మాటలు విని కొందరు తల వంచుకొందురని నేనెరుగుదును. అయినను ఇవి మీ యెదుటనే చెప్పవలసిన మాటలు. ఎందువలననో ఒక తల్లి సంగతి చెప్పిన మీకే తెలియగలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆమె నా వద్దకు వచ్చినది. వయస్సు యాబది దాటినది. ముట్లుడిగి నాలుగేండ్లయిన పిమ్మట మరల ఎర్రబట్ట కనిపించినది. ఎవరితోను చెప్పలేదు. తెల్లవారకముందే లేచి బట్టలు ఉదుకుకొని గొడ్ల కొట్టము వెనుక ఆరవేసికొనెడిది. ఇట్లు పది నెలలు గడచినవి. నడుము నొప్పి, కాళ్ల వాపు వచ్చి మంచము పట్టిన తరువాత కోడలు గ్రహించి ఆసుపత్రికి తోడ్కొని వచ్చినది. అప్పటికి గర్భసంచి మూతి వద్ద పుట్టిన రాచపుండు మూత్రనాళముల వరకు ప్రాకినది. మేము ఆమె బాధను తగ్గింపగలిగితిమి గాని ప్రాణము నిలుపలేకపోతిమి. ఆమె ఊరికి ఆరోగ్య కేంద్రము నాలుగు కిలోమీటర్ల దూరముననే యున్నది. "ముందే ఏల రాలేదమ్మా?" యని అడిగితిని. "ఈ సంగతి ఎవలతోని చెప్పుకోవాలె బిడ్డా?" అని ఆమె నన్నే తిరిగి అడిగినది. ఆ ప్రశ్నకు నాకు నేటికిని సమాధానము దొరకలేదు. ఆ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాను.

కంతి యన నేమి?

మన శరీరము కోటానుకోట్ల కణములతో ఏర్పడినది. పాతవి పోవుచు, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండుట ప్రకృతి ధర్మము. ఎక్కడనైన ఈ క్రమము తప్పి కణములు అవసరమునకు మించి పెరిగినచో అది కంతి యగును. కంతులన్నియు రాచపుండ్లు కావు. పుట్టిన చోటనే యుండి మెల్లగా పెరుగు కంతి వలన సామాన్యముగా ప్రాణభయము లేదు. ప్రక్క భాగములలోనికి చొచ్చుకొనిపోయి, రక్తము ద్వారా దూరపు అవయవములకు సైతము వ్యాపించు దానినే క్యాన్సరు, పూర్వపు మాటలో రాచపుండు, అందురు.

ఈ భేదము తెలియక మన పల్లెలలో రెండు విధములైన నష్టములు కలుగుచున్నవి. నిజముగా రాచపుండు ఉన్న స్త్రీ ఇంటిలో మూలుగుచు కూర్చుండుట ఒకటి. రాచపుండు లేని స్త్రీకి భయము కలిగి, గర్భసంచి తీయించుకొనుట రెండవది. గర్భసంచిలో కండరపు గడ్డలు చాలమందికి ఉండును. వానిలో రాచపుండుగా మారునవి మిక్కిలి అరుదు. వానివలన రక్తస్రావము హెచ్చిన మందులున్నవి. మందులతో తగ్గనిచో శస్త్రచికిత్సయు ఉన్నది. కాని "గడ్డ ఉన్నది, ఉంచిన క్యాన్సరగును" అన్న ఒక్క మాటకు భయపడి, ముప్పదియేండ్లైనను నిండని స్త్రీలు గర్భసంచి తీయించుకొనుట మనము చూచుచున్నాము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో ఈ శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీల సంఖ్యలో తెలుగు రాష్ట్రములు రెండును దేశములో ముందు వరుసన నిలిచినవి. దేశపు సగటు నూటికి మూడు ప్రాంతము కాగా, మన వద్ద అది దానికి రెండింతలు దాటినది. చిన్న వయస్సుననే అండాశయములతో సహా తీసివేసిన స్త్రీకి ఎముకలు గుల్లబారుట, గుండె జబ్బులు మొదలగునవి ముందుగా వచ్చును. కనుక సరియైన రోగ నిర్ణయము ఆలస్యమును తప్పించును, అనవసరపు కోతను కూడ తప్పించును.

ముంబయి రోడ్డు చెప్పిన పాఠము

ఈ మదీనాగూడ ముందునుండి పోవు ముంబయి రోడ్డు మీకందరకు తెలిసినదే. ఈ రోడ్డు వెంట జహీరాబాదు దాటి, కర్ణాటక భాగము దాటి పోయినచో ఉమర్గా, నల్‌దుర్గ్ అను ఊళ్లు వచ్చును. అవి ఉస్మానాబాదు జిల్లాలోనివి. ఇప్పుడా జిల్లాకు ధారాశివ్ అని పేరు. 1956 వరకు అది మన హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాయే. ఆ జిల్లా పల్లెలలో 1999 మొదలు ఒక గొప్ప పరిశోధన జరిగినది. దాని ఫలితములు 2009లో ప్రకటింపబడినవి.

గర్భసంచి మూతికి వచ్చు రాచపుండుకు హెచ్.పి.వి. అను వైరసు కారణము. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ సుర్ హౌసెన్ 1983, 1984 సంవత్సరములలో ఈ వైరసు జాతులను రాచపుండు కణములలో కనుగొని, 2008లో నోబెల్ బహుమానము నందుకొనెను. ఈ వైరసు దాంపత్య సంబంధము వలన సోకును. జీవితములో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరకును సోకునదే కనుక, ఇది ఎవరి నడవడికకును మచ్చ కాదు. చాలమందిలో ఒకటి రెండు సంవత్సరములలో శరీరమే దానిని వదలించుకొనును. కొందరిలో మాత్రము నిలిచిపోయి, పది పదునైదు ఏండ్లకు పైబడి మెల్లగా కణములను మార్చి రాచపుండు కలిగించును. ఆ పదునైదేండ్ల వ్యవధియే మనకు దక్కిన అవకాశము. అంత కాలములో ఒక్కసారి సరియైన పరీక్ష జరిగినను రోగమును మొలకలోనే త్రుంపవచ్చును.

ఉస్మానాబాదు జిల్లాలో 30 నుండి 59 ఏండ్ల వయస్సు గల 1,31,746 మంది స్త్రీలను ఊళ్ల వారీగా నాలుగు వర్గములు చేసిరి. ఒక వర్గమువారికి ఒకే ఒక్కసారి ఈ వైరసు పరీక్ష చేసిరి. రెండు వర్గములకు వేరు వేరు పరీక్షలు చేసిరి. నాలుగవ వర్గమున ఆనాటి మామూలు పద్ధతి ప్రకారము ప్రత్యేక పరీక్ష ఏదియు చేయలేదు. ఎనిమిదేండ్లు గమనించి చూడగా, వైరసు పరీక్ష పొందిన 34,126 మందిలో ఈ రోగముతో మరణించినవారు 34 మంది. పరీక్ష లేని 31,488 మందిలో మరణించినవారు 64 మంది. ఒక్క పరీక్షతో మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. ఈ లెక్కను నేడు ప్రపంచమంతయు ఉదహరించుచున్నది. ఆ 64 మంది కూడ మనవంటి పల్లెల తల్లులే. వారి మరణములు ఈ లెక్కలో చేరినవి గనుకనే మనకు ఈ జ్ఞానము కలిగినది. దానిని వాడుకొనకుండుట వారికి చేయు అపరాధమని నేను తలచుచున్నాను.

మేడ్చలులో ఏమి జరిగినది?

ఇక మన ముంగిటికి వత్తము. మేడ్చలు ఇక్కడికి ఎంతో దూరము లేదు. ఆనాడు మదీనాగూడయు, మేడ్చలును ఒకే రంగారెడ్డి జిల్లాలోనివి. ఆ మండలపు స్త్రీలను గురించి జరిపిన పరిశోధనమొకటి 2010లో ప్రకటింపబడినది. పంచాయతీ సభ్యులగు మీరు ముఖ్యముగా వినవలసినది ఇదియే.

5,603 మంది స్త్రీలను పరీక్షలకు పిలిచిరి. మూడు విధములైన పరీక్షలను పోల్చి చూచిరి. వైరసు పరీక్ష ఒకటి. గర్భసంచి మూతి నుండి కణములు తీసి సూక్ష్మదర్శినిలో చూచు పాప్ పరీక్ష రెండవది. పలుచని ఆమ్లద్రవము పూసి కంటితో చూచుట మూడవది. ముదిరిన దోషము గలవారు నూరుగురు ఉన్నచో వైరసు పరీక్ష నూరుగురిని పట్టుకొన్నది. పాప్ పరీక్ష 78 మందిని, కంటి చూపు పరీక్ష 32 మందిని మాత్రమే పట్టగలిగినవి. ముంబయి మురికివాడలలో బాగుగా శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్లకొకసారి చొప్పున చేసినప్పుడు ఈ కంటి చూపు పరీక్షయే మరణములను 31 శాతము తగ్గించినట్లు 2014లో తేలినది. కనుక అది నిరుపయోగమైనది కాదు. అయితే చేయువారి నేర్పును బట్టియు, మరల మరల చేయుటను బట్టియు దాని ఫలితముండును.

ఇంతవరకు శాస్త్రము గెలిచినది. తరువాత సంగతి వినుడు. పిలిచిన స్త్రీలలో నూటికి 58 మంది రాలేదు. వచ్చినవారిలో దోషము కనిపించి తదుపరి పరీక్షకు రమ్మనగా 28 శాతము మంది వెనుదీసిరి. ఈ రెండు కారణములను కలిపి లెక్కింపగా, ఆ జనసంఖ్యలోని రోగులలో నూటికి 87 మందికి మించి కనుగొనబడకుండ పోయియుందురని పరిశోధకులు అంచనా వేసిరి. నూటికి నూరుపాళ్లు పనిచేయు పరీక్ష చేతిలో ఉన్నను, నూరుగురిలో పండ్రెండుగురికి మాత్రమే అది అక్కరకు వచ్చినదన్నమాట. పరీక్ష లోపము లేదు, వైద్యుని లోపము లేదు. స్త్రీ గడప దాటి రాలేదు. గడప దాటించుట వైద్యుల వలన కాలేదు. ఆ పని ఊరి పెద్దల వలన, ఇరుగుపొరుగు స్త్రీల వలన కావలసినది.

రాకుండుటకు సిగ్గు ఒక ముఖ్య కారణమని నా అనుభవము. దానికి కూడ ఒక ఉపాయము మన ప్రాంతపు పల్లెలలోనే పరిశీలింపబడినది. స్త్రీ తానే చాటున ఒక చిన్న కుంచెతో నమూనా తీసికొని ఇచ్చినచో, వైద్యుడు తీసిన నమూనాతో సమానముగా అది పనికివచ్చునని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవిభక్తముగా ఉన్న కాలమున, 2009లో, ఒక పరిశోధన చూపినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు నేడు ఈ పద్ధతిని ఆమోదించినది. పరీక్ష బల్ల ఎక్కనవసరము లేదు, పరపురుషుని ముందు పడుకొననవసరము లేదు. ఈ ఒక్క మాట తెలిసినచో ఎందరో స్త్రీలు ముందుకు వత్తురు.

సమ్మతి లేని మేలు మేలు కాదు

ఇట్లు చెప్పుచున్నానని, స్త్రీలను బండ్లకెత్తి బలవంతముగా తీసికొనిపొండని నా అభిప్రాయము కాదు. అట్టి త్వరపాటు వలన కలిగిన చేటును మన రాష్ట్రము ఒకసారి చూచినది.

2009 జూలైలో ఖమ్మము జిల్లాలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు ఈ వైరసును నిరోధించు టీకాను వేయు ఒక ప్రదర్శన పథకము ప్రారంభమైనది. భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో సుమారు 14,000 మందికి టీకాలు వేయబడినవి. వారిలో పలువురు గిరిజన బాలికలు, వసతి గృహములలో చదువుకొనువారు. కొందరు బాలికలు మరణించిరన్న వార్త వెలువడగా 2010 ఏప్రిల్‌లో ఆ పథకమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము తేల్చినది. ఒకరు నీట మునిగి, మరియొకరు పాము కాటుచే, ఇట్లు వేరు వేరు కారణములచే మరణించిరి. అయితే సమ్మతి పత్రముల సంగతి వేరు. రెండువేలకు మించిన పత్రములపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహపు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసిరి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము ఈ తీరును తీవ్రముగా ఖండించినది.

ఆ టీకా మంచిది. 12, 13 ఏండ్ల వయస్సున దానిని పొందిన బాలికలలో ఈ రాచపుండు 87 శాతము తగ్గినట్లు ఇంగ్లండు దేశపు లెక్కలు 2021లో చూపినవి. కాని తల్లి నడుగకుండ బిడ్డకు వేసినందున ఆ మంచి టీకాపై ఏండ్ల తరబడి అనుమానపు నీడ పడినది. మీ గ్రామమునకు రేపు ఏ పరిశోధన సంఘము వచ్చినను, ఏ టీకా వచ్చినను మొదట మీరు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. ఇది చికిత్సయా, పరిశోధనయా? ప్రమాదమేమైన కలిగిన ఎవరు చూతురు? తల్లికి తెలుగులో, ఆమెకర్థమగునట్లు చెప్పిరా? వద్దనుటకు ఆమెకు హక్కున్నదని చెప్పిరా? ఈ ప్రశ్నలడుగు పంచాయతీ పరిశోధనకు అడ్డము కాదు. అట్టి పంచాయతీ ఉన్న ఊరిలోనే ప్రజలు వైద్యుని నమ్ముదురు.

ఇక్కడ ఒక విచిత్రమును చెప్పెదను. అదే 2009లో మన దేశములో వేరొక టీకా పరిశోధనయు నడుచుచుండెను. మూడు మోతాదులు అవసరమా, రెండు చాలునా యని తేల్చుట దాని ఉద్దేశము. ఖమ్మము వివాదము వలన 2010లో దానిలో కూడ టీకాలు వేయుట ఆగినది. అప్పటికి వేలాది బాలికలకు ఒక్క మోతాదు మాత్రమే పడియుండెను. పరిశోధకులు వారిని వదలక పదేండ్ల వరకు గమనించిరి. ఒక్క మోతాదే ఈ వైరసు ముఖ్య జాతులు శరీరమున నిలువకుండ 95 శాతము వరకు కాపాడుచున్నట్లు 2021లో ప్రకటించిరి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు పద్ధతిని అంగీకరించుటకు ఆధారమైన పరిశోధనలలో ఇది ఒకటి. మన బిడ్డల వలన లోకమునకు కలిగిన లాభమిది. ఆ బిడ్డల చెల్లెండ్రకు, కుమార్తెలకు అది తిరిగి అందవలదా?

రొమ్ము కంతి

గర్భసంచి మూతి రాచపుండు వలన 2022లో మన దేశమున దాదాపు 80,000 మంది స్త్రీలు మరణించిరని అంతర్జాతీయ అంచనా. రొమ్ము క్యాన్సరు వలన అదే సంవత్సరము మరణించినవారు 98,000 పైచిలుకు. ఈ రోగము పట్టణములలో హెచ్చు. 2020లో ప్రచురింపబడిన జాతీయ నమోదు నివేదికలో హైదరాబాదు జిల్లాయందు లక్ష మంది స్త్రీలకు 48 చొప్పున రొమ్ము క్యాన్సరు నమోదైనది. దేశములోని నమోదు కేంద్రములలో అది మిక్కిలి హెచ్చు రేటులలో ఒకటి.

ఈ మదీనాగూడనే చూడుడు. ఒకప్పుడిది మియాపూరు, హఫీజుపేట, చందానగరుల నడుమ నున్న పల్లె. నేడు మహానగరములో కలిసిపోయినది. ఎత్తైన మేడలు లేచినవి. మెట్రో రైలు 2017లో మియాపూరు వరకు వచ్చినది. చుట్టును పెద్ద ఆసుపత్రులున్నవి. అయినను ఈ మేడలలో అంట్లు తోమి, ఈ మేడలకే ఇటుకలు మోసిన స్త్రీలలో ఎందరో మీ గ్రామముల నుండి వచ్చినవారే. ఆసుపత్రి గోడ ప్రక్కన నివసించినంత మాత్రమున పరీక్ష జరుగదు. 2019-21 జాతీయ సర్వే ప్రకారము దేశములో 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి మూతి పరీక్ష ఒక్కసారియైన చేయించుకొన్నవారు నూటికి ఇద్దరు లేరు. రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఒక్కరు లేరు.

రొమ్ము పరీక్షకు ప్రతిచోట పెద్ద యంత్రము కావలెనని కొందరనుకొందురు. ముంబయి నగరపు పేటలలో లక్షన్నరకు మించిన స్త్రీలపై ఇరువది యేండ్లు జరిగిన పరిశోధన 2021లో వేరొక సంగతి తెలిపినది. శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షించినందువలన, 50 ఏండ్లు దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు మరణములు దాదాపు 30 శాతము తగ్గినవి. చేతి నేర్పు, ఓపిక అక్కడ ప్రాణములు కాపాడినవి. అంతకంటె చిన్న వయస్సువారిలో అట్టి తగ్గుదల కనిపించలేదు. కాని ఏ వయస్సుననైనను గడ్డ తగిలినచో చూపించుకొనక తప్పదు.

రొమ్ములో క్రొత్తగా నొప్పిలేని గడ్డ తగులుట, చనుమొన లోనికి పోవుట, దానినుండి రక్తము కారుట, చర్మము నారింజ తొక్కవలె గుంటలు పడుట, చంకలో బిళ్ల కట్టుట – ఇవి గుర్తులు. "నొప్పి లేదు గదా" యని ఊరకుండుటయే మన స్త్రీలు చేయు పెద్ద పొరపాటు. నొప్పి లేని గడ్డనే ముందుగా చూపించుకొనవలయును. చిన్నదిగా నున్నప్పుడు వచ్చినచో రొమ్మంతయు తీయనవసరము లేకుండ గడ్డను మాత్రము తీసి, కిరణ చికిత్స చేయవచ్చును. ఇరువదియేండ్లు గమనించినను రెండు పద్ధతులలో ఆయుర్దాయము సమానమేనని 2002లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

తెలుగువాని మందు

రాచపుండు వచ్చిన ఇక చావే యని అనుకొనువారికి ఒక తెలుగువాని కథ చెప్పెదను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికాకు వెళ్లి, అచ్చట లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసిరి. ఆయన నడిపిన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుటయే గాక, దానికి విరోధముగా పనిచేయు మందులను కూడ తయారుచేసినది. వానిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లో సుబ్బారావుగారు మరణించిరి.

ఆయన పోయిన ఎనిమిదేండ్లకు, 1956లో, అమెరికాలో రాయ్ హెర్ట్జ్, మిన్ చూ లీ అను వైద్యులు ఈ మందుతో స్త్రీలకు వచ్చు ఒక ఘోరమైన కంతి నయమైనదని ప్రకటించిరి. అది మాయ నుండి పుట్టు రాచపుండు. పిండము పెరుగక ద్రాక్షగుత్తి వంటి బుడగలు పెరిగిన గర్భము తరువాతను, కొన్నిసార్లు గర్భస్రావము లేక కాన్పు తరువాతను ఇది వచ్చును. ఊపిరితిత్తులకు ప్రాకి, కొద్ది నెలలలో ప్రాణము తీయునది. అట్టిది కేవలము మందుతో మాయమైనది. గడ్డకట్టిన రాచపుండు మందుతోనే నయమగుట లోకములో అదియే మొదటిసారి. నేడు ఈ రోగము వచ్చిన స్త్రీలలో అత్యధికులు బ్రతుకుచున్నారు. పిమ్మట బిడ్డలను కనినవారును కలరు. గర్భిణీ పరీక్షలో కనిపించు హార్మోనునే రక్తములో కొలిచి రోగము పోయినదో లేదో తెలిసికొందురు. కనుక గర్భస్రావమైన తరువాత గాని, కాన్పు తరువాత గాని వారముల తరబడి ఎర్రబట్ట ఆగనిచో "ఒళ్లు వేడి చేసినది" అని సరిపెట్టుకొనరాదు.

హైదరాబాదులోని రెడ్‌హిల్సునందు 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వపు ఆసుపత్రి. కిరణ చికిత్స, శస్త్రచికిత్స, మందులు అన్నియు అచ్చట కలవు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద క్యాన్సరు చికిత్సకు సహాయము లభించును. భూమి తాకట్టు పెట్టకముందే ఈ సంగతి ఆ కుటుంబమునకు ఎవరైన చెప్పవలెను. ఆ చెప్పువారు మీరు కావలెనని నా కోరిక.

మీరు చేయదగినది

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యమును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను పంచాయతీల విషయములలో చేర్చినది. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. కనుక అధికారము లేదని గాని, చెప్పుటకు స్త్రీలు లేరని గాని అనుటకు వీలు లేదు. నేను అయిదు పనులు సూచించెదను.

మొదటిది, సంవత్సరమునకొకసారి గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. సర్పంచి నోటినుండి "గర్భసంచి మూతి పరీక్ష" అన్న మాట ఒక్కసారి బహిరంగముగా వెలువడినచో ఊరిలో సగము సిగ్గు తొలగిపోవును.

రెండవది, 30 ఏండ్లు దాటిన స్త్రీల జాబితాను ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం.లతో కలిసి తయారుచేయించుడు. ఎవరు పరీక్షకు వెళ్లిరి, ఎవరు వెళ్లలేదన్న సంఖ్య మాత్రమే పంచాయతీకి తెలియవలెను. ఎవరికి ఏమి తేలినదో రచ్చబండ మీదికి రాకూడదు. ఒక్క స్త్రీ రహస్యము బయటపడినచో పదిమంది వెనుకకు పోదురు.

మూడవది, పరీక్షలో దోషము కనిపించిన స్త్రీని మరల పంపు బాధ్యత తీసికొనుడు. మేడ్చలులో దారి తెగినది ఇక్కడనే. ఆమెకు తోడుగా ఒక వార్డు సభ్యురాలు వెళ్లినను చాలును. ఆనాటి కూలి పోవునని వెనుకాడు కుటుంబమునకు బస్సు ఖర్చు సమకూర్చినను గొప్ప మేలు. మొలకగా నున్న దోషమును కొద్ది నిమిషములలో, మత్తుమందు లేకుండ, వేడిమితో గాని చలువతో గాని తొలగింపవచ్చును. అది రాచపుండుగా మారిన పిమ్మట నెలల చికిత్స కావలెను.

నాలుగవది, గర్భసంచి తీయవలెనని ఎవరైన చెప్పినచో, ప్రభుత్వ ఆసుపత్రిలో రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనుమని చెప్పుడు. రక్తస్రావముతో ప్రాణాపాయమున్న సందర్భము తప్ప, ఒక వారము ఆలోచించినందువలన సామాన్యముగా నష్టము కలుగదు.

అయిదవది, బాలికల టీకాను గురించి ఆరోగ్య కేంద్రపు వైద్యుని గ్రామసభకు పిలిచి, తల్లిదండ్రులచే ప్రశ్నలడిగించుడు. సమాధానములు విని వారే సమ్మతి నిచ్చుదురు గాక.

2030 నాటికి ప్రతి దేశమున బాలికలలో నూటికి 90 మందికి పదునైదవ యేడు నిండులోపల టీకా, స్త్రీలలో నూటికి 70 మందికి 35వ ఏటను, 45వ ఏటను మంచి పరీక్ష, దోషము గలవారిలో నూటికి 90 మందికి చికిత్స అందవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యము నిర్ణయించినది. ఈ లెక్కలు పెద్ద పెద్ద నగరములలో వ్రాయబడినవి. కాని అవి నెరవేరుట మీ ఊరి వీధులలోనే.

నేను మొదట చెప్పిన తల్లి అడిగిన ప్రశ్న మీకు గుర్తుండును. "ఎవలతోని చెప్పుకోవాలె?" అని ఆమె అడిగినది. మీలో స్త్రీ సభ్యులు ఎందరో ఈ సభలో ఉన్నారు. నేడు ఊరికి పోయిన పిమ్మట మీ వార్డులో ముప్పది దాటిన ఒక్క స్త్రీ వద్ద కూర్చుండి, "నీకేమైన ఇబ్బంది ఉన్న నాతోని చెప్పు అక్కా" యని అనుడు. పురుష సభ్యులు తమ ఇంటిలోని తల్లితో, భార్యతో, అక్కచెల్లెండ్రతో ఈ సభలో విన్నదానిని చెప్పుడు. ప్రతి ఊరిలోను అట్లు చెప్పుకొనుటకు ఒక మనిషి ఉన్నదని స్త్రీలకు తెలిసిననాడు, మేడ్చలులో రాని ఆ 58 మంది తామే నడచి రాగలరు.